ఎవరి దోషము?

ఒక యింట లోపముతో శిశువు జన్మించినప్పుడు ఆ యింటివారు మొట్టమొదట అడుగు ప్రశ్న "ఇప్పుడేమి చేయవలెను?" అనునది కాదు, "ఇది ఎవరివలన వచ్చినది?" అనునది. ఈ ప్రశ్న పైకి జిజ్ఞాసవలె కనబడును గాని, దానికి లభించు సమాధానమును బట్టి యొక స్త్రీ కాపురము నిలుచుటయో చెడుటయో జరుగుచున్నది. కర్మమని కొందరును, రక్తమని కొందరును, నీటిదోషమని కొందరును, బీదతనమని కొందరును చెప్పుదురు. ఈ నాలుగింటిలో ఏది నిజము? నిజము తెలిసిన పిమ్మట మన ధర్మమేమి? ఈ రెండు విషయములను చదువరులతో కూడి విచారింపవలెనని మా యభిలాష.

అనంతపురమునుండి కదిరికి పోవు త్రోవలో బత్తలపల్లె యను ఊరు కలదు. చిరకాలము అనంతపురము జిల్లాలో ఉండిన యీ యూరు, 2022లో జిల్లాలను పునర్విభజించినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. చుట్టును వేరుసెనగ చేలు, నడుమ నడుమ రాతిగుట్టలు, ఎండిన వంకలు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు సీమ యిది. అదియైనను కురియవలసిన నెలలో కురియునన్న నమ్మకము లేదు. ఈ యూర రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వారి పెద్ద ఆసుపత్రి యున్నది. స్పెయిను దేశమున పుట్టి, 1969లో అనంతపురమునకు వచ్చి, 2009లో మరణించువరకు ఈ కరవుసీమనే తన యూరుగా చేసికొన్న విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన సంస్థ యది. చుట్టుపట్ల పల్లెలనుండి జనులు తెల్లవారకముందే బయలుదేరి, బస్సులలోను ఆటోలలోను వచ్చి ఇచ్చట దిగుదురు.

కొంతకాలము క్రిందట మేము పనిమీద బత్తలపల్లెకు పోయినప్పుడు, దారిప్రక్క వేపచెట్టు నీడలో ముగ్గురిని చూచితిమి. ఒక ముదుసలి, ఇరువది యేండ్లు నిండీ నిండని యొక తల్లి, మూడేండ్ల బాలుడు. రోడ్డుమీద లారీ యొకటి చెవులు చిల్లులుపడునట్లు హారను మ్రోగించినది. చెట్టుక్రింద నున్నవారందరు తలలు త్రిప్పి చూచిరి. బాలుడు మాత్రము తన చేతిలోని వేపపుల్లతో మట్టిలో గీతలు గీయుచు అట్లే కూర్చుండెను.

మేము చూచుట చూచి, అడుగకయే ముదుసలి యిట్లనెను: "పుట్టు చెవుడు సామీ. మా ఇంట్లో యేడు తరాల్లో యెవురికీ లేదు. ఇది కడుపున మోసుకోనొచ్చింది." ఆ చిన్నది తల యెత్తలేదు.

"కోడలిది ఏ ఊరవ్వా?" అని మేము అడిగితిమి.

"యాడిదో అయితే చెప్పొచ్చు. నా కూతురు బిడ్డే సామీ. బయటికి పోనీకుండా నా కొడుక్కే చేసుకుంటిమి."

ఆ రెండు మాటలకు నడుమ నున్న వైరుధ్యము ఆమెకు తోచలేదు. అక్క కూతురిని తమ్మునికి ఇచ్చిన యింట అత్తగారే అమ్మమ్మ. కాబట్టి ఆ చిన్నది కడుపున మోసికొని వచ్చిన దేదైన ఉన్నచో, అది ఈ ముదుసలి యింటినుండి పోయి మరల ఈ యింటికే చేరినది. అయినను నింద మాత్రము ముగ్గురిలో చిన్నదానిమీదనే పడినది. ఆ ముదుసలి కఠినురాలని చదువరులు భావింపరాదు. బాలుని ఒడిలో కూర్చుండబెట్టుకొని, కొంగున మూటగట్టి తెచ్చిన బొరుగులు ఒక్కొక్కటిగా నోట పెట్టుచుండెను. కొంతసేపటికి ఆమెయే మమ్ము అడిగినది: "అయితే తప్పు యెవురిది సామీ?" మేము నోరు తెరచునంతలో వారికి పిలుపు వచ్చినది. ముగ్గురును లేచి పోయిరి. ఆ ప్రశ్న మాత్రము మావద్దనే నిలిచిపోయినది.

ముందుగా రక్తము మాట విచారింతము. మన దేహమునందలి జన్యువులలో దాదాపు అన్నిటికిని రెండేసి ప్రతులుండును. ఒకటి తల్లి యిచ్చినది, రెండవది తండ్రి యిచ్చినది. ఒక గదిలో రెండు దీపములు వెలుగుచున్నవనుకొందము. ఒకటి యారిపోయినను రెండవదాని వెలుగున ఇంటిపనులు సాగును. ఆరిన దీప మొకటి కలదని ఇంటివారికి తెలియనే తెలియదు. ఇట్టి ఆరిన దీపములు మనలో ప్రతివారియందును కొన్ని యుండును. తల్లియు తండ్రియు ఒకే విధమైన ఆరిన దీపమును బిడ్డకు ఇచ్చినప్పుడే ఆ గదికి చీకటి కలుగును. ఇరువురియందును అది దాగియున్నచో, ప్రతి కాన్పునందును నాలుగింట ఒక పాలు అట్లు జరుగుట కవకాశము కలదు.

దీనినిబట్టి రెండు సంగతులు తేలుచున్నవి. "ఏడు తరములలో ఎవరికిని లేదు" అను మాట నిర్దోషిత్వమునకు సాక్ష్యము కాదు. ఆరిన దీపము ఏడు తరములును ఎవరి కంటను పడకుండ నడచిరాగలదు. "తల్లి మోసికొని వచ్చినది" అను మాటయు నిలువదు. అట్టి లోపమునకు తల్లి యిచ్చినది సగమే, తండ్రి యిచ్చినది సగము. నిందను పంచవలెనన్నచో సరిసమానముగా పంచవలెను. మన యిండ్లలో అట్లు పంచిన తీర్పును మేమింతవరకు వినలేదు.

దంపతులు రక్తబంధువులైనప్పుడు ఒకే దీపము ఇరువురియందును ఆరియుండుట కవకాశము హెచ్చును. మేనబావ మేనమరదళ్ళు తమ జన్యువులలో సగటున ఎనిమిదవ వంతును ఉమ్మడి పెద్దలనుండి పొందియుందురు. మేనమామ మేనకోడళ్ళు నాల్గవ వంతును పొందియుందురు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున వివాహితలలో ఇంచుమించు నాల్గవ వంతు రక్తబంధువులను వివాహమాడినవారని తేలినది. ఉత్తరదేశమున ఈ యాచారము హిందువులలో మిక్కిలి అరుదు; దక్షిణదేశమున మాత్రము తరతరాలుగా మర్యాద. 1955 నాటి హిందూ వివాహ చట్టము సమీప బంధువుల వివాహమును నిషేధించియు, ఆచారమున్నచోట విడిచిపెట్టినది.

అయితే మేనరికమే సర్వానర్థములకు మూలమని చెప్పుటయు సత్యము కాదు. సామాన్య దంపతులకు పుట్టు బిడ్డలలోనే నూటికి ఇద్దరు ముగ్గురికి ఏదో యొక పుట్టులోపముండును. మేనబావ మేనమరదళ్ళ బిడ్డలలో అది సుమారు రెట్టింపని పరిశోధకులు చెప్పుచున్నారు. అనగా నూటికి ఇంచుమించు 95 మంది ఏ లోపమును లేకయే పుట్టుచున్నారన్నమాట. ఈ లెక్కను దాచి భయపెట్టువాడు సంస్కర్త కాడు. రెట్టింపు మాటను దాచి ధైర్యము చెప్పువాడు హితుడును కాడు.

మరి ఈ మేనరికము పల్లెవారి మూఢత్వమువలన వచ్చినదా? వానలేని సీమలో నాలుగెకరముల మెట్ట యున్న కుటుంబపు స్థితిని ఊహింపుడు. బయటి సంబంధము తెచ్చినచో కట్నము పోయవలెను. పిల్ల ఎట్టి యింట పడునో తెలియదు. పంట పోయిన ఏట అత్తవారు దానికి అన్నము పెట్టుదురో లేదో తెలియదు. అమ్మమ్మ యింటికి కోడలిగా పోయిన పిల్లను కొట్టుటకు చేయి కొంత వెనుకాడును. "బయటికి పోనీకుండా" అని ఆ ముదుసలి చెప్పిన మాటలో పొలమును గూర్చిన యాశతోపాటు మనుమరాలిని గూర్చిన భయమును ఉన్నది. కావున ఆ బాలుని రక్తమున ఏదైన కలిసినచో, దానిని కలిపినవి కరవును, కట్నమును, పరాయి యింట ఆడుబిడ్డకు రక్షణ లేకపోవుటయును. రక్తము తనంతట తాను ఎవరితోను వియ్యమందుకొనలేదు.

ఇంతవరకు చెవుడు రక్తమువలన వచ్చినదనియే అనుకొని మాటలాడితిమి. అట్లు నిశ్చయించుట వైద్యుల పని. ఏలయన అదే చెవుడు మరికొన్ని త్రోవలను కూడ రాగలదు. గర్భిణికి తొలి నెలలలో రూబెల్లా యను దద్దురుజ్వరము సోకినచో శిశువునకు చెవుడు, కంటిపొర, గుండెజబ్బు కలుగవచ్చును. తల్లికి మాత్రము అది రెండుమూడు నాళ్ళ జ్వరముగా వచ్చి పోవును. నెలలు నిండక తక్కువ తూకముతో పుట్టిన శిశువునకును, పురిటిలో వచ్చిన పసిరికలు ముదిరినను చికిత్స నోచుకొనని శిశువునకును, మెదడుపొరల వాపు జ్వరము వచ్చి బ్రదికిన శిశువునకును వినికిడి పోవచ్చును. ఇవి రక్తమున లేనివి. దేహమునకు వెలుపలినుండి వచ్చినవి.

ఈ బయటి కారణములనైనను కొంత పరీక్షింపుడు. రూబెల్లాకు టీకా యున్నది. తట్టు టీకాతో కలిపి మన రెండు తెలుగు రాష్ట్రములలో పిల్లలందరికి దానిని వేయు ఉద్యమము 2017 ఆగష్టులో మొదలైనది. అంతకుముందు పెరిగి పెద్దవారైన బాలికలు దానిని పొందకయే తల్లులైరి. తక్కువ తూకపు శిశువుల మాటయో? పైని చెప్పిన సర్వేలోనే ఆంధ్రప్రదేశమున 20 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మంది పదునెనిమిది యేండ్లు నిండకమునుపే వివాహితలైనట్లును, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మంది రక్తహీనతతో ఉన్నట్లును తేలినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1919లో గతించిరి. బాల్యవివాహములను నిరోధించు శారదా చట్టము 1929లో వచ్చినది. శతాబ్దము కావచ్చినను ఇంకను మనకు ఈ లెక్క మిగిలియున్నది. ఇంటిల్లిపాదియు తిన్న పిమ్మట కుండ యడుగున మిగిలినది తిను బాలిక గర్భవతి యైనప్పుడు, ఆమె గర్భములోని శిశువు కూడ ఆ పంక్తిలో కడపటనే కూర్చుండును. దీనిని దేహధర్మ మందుమా, సంఘధర్మ మందుమా?

ఇక నీటి మాట. ఈ సీమలో ఒక వ్యాధి కలదు. పండ్లమీద పసుపు గోధుమ చారలతో మొదలై, యేండ్లు గడచిన కొలది వెన్నును కీళ్ళను బిగియించి, మనిషిని వంచివేయును. దానికి ఫ్లోరోసిస్ అని పేరు. మన దేశమున వైద్యులు దీనిని మొట్టమొదట గుర్తించి ప్రకటించినది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలలో. నల్లగొండ ప్రాంతమునను అనంతపురము సీమలోను ఇది ప్రబలియున్న సంగతి పలువు రెరుగుదురు. నల్లరాతి పొరలలోని ఫ్లోరైడు నీటిలో కరగుటయే దీనికి మూలము. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచారోగ్య సంస్థ నియమము. వానలు తప్పి, సేద్యమునకై బోర్లు వందల అడుగుల లోతునకు దిగిన కొలది, రాతితో చిరకాలము కలిసియున్న నీరు పైకి వచ్చుచున్నది.

తాత వంగిపోయినాడు, తండ్రియు వంగిపోయినాడు, మనుమని పండ్లు అప్పుడే పసుపెక్కినవి. చూచువారికి ఇది వంశరోగమువలెనే కనబడును. అయినను ఆ కుటుంబమునకు వారసత్వముగా వచ్చినది బావి. ఆ బావినీరు త్రాగువారందరికిని ఒకే విధముగ హాని కలుగదు. పాలు, ఆకుకూరలు లేక, ఆహారమున కాల్షియము చాలనివారిని ఆ వ్యాధి ముందుగా పట్టును. ఒకే నీరు బీదవాని యెముకలో ఎక్కువగాను కలవాని యెముకలో తక్కువగాను నాటుకొనునన్నమాట. 1995-96లో శ్రీ సత్యసాయి సంస్థ అనంతపురము జిల్లాలో ఏడు వందలకు పైగా గ్రామములకు మంచినీటి గొట్టములు వేయించినప్పుడు ఆ గ్రామస్థుల జన్యువులను ఎవరును మార్చలేదు, కుళాయిని మార్చిరి. వంశరోగమని మనము పేరుపెట్టినవానిలో కొన్ని ఇట్లు కుళాయితో పోవునట్టివని దీనివలన తెలియుచున్నది.

ఆహారమునకు ఎంతటి శక్తి కలదో తెలుపు నిదర్శనము మరి యొకటి మన తెలుగునాటనే యున్నది. హైదరాబాదు సమీపమున 1987 మొదలు 1990 వరకు 29 గ్రామములలో ఒక పరిశీలన జరిగినది. సుమారు సగము గ్రామములలో గర్భిణులకును పసిబిడ్డలకును ప్రతిదినము కొంత ఉప్మా పెట్టిరి. తక్కిన గ్రామములలో ఆ యేర్పాటు అప్పటికి రాలేదు. రెండు తెగల గ్రామములును పొరుగు గ్రామములే. జనులును ఒకే తీరువారు. 2003-05లో ఆనాటి శిశువులు యౌవనమున అడుగిడిన తరి పరిశోధకులు మరల పోయి వారిని కొలిచిరి. ఉప్మా పెట్టిన గ్రామములలో పుట్టినవారు తక్కినవారికంటె సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉండిరి. అంతకంటె ముఖ్యమేమనగా, ముందుముందు మధుమేహమునకును గుండెజబ్బునకును దారితీయు సూచనలు వారిలో తక్కువగా కనబడెను. 2008లో ఈ ఫలితములు ప్రకటింపబడినవి. తల్లి గర్భమున నున్నప్పుడు చేరిన పిడికెడు ఉప్మా పదునైదేండ్ల పిమ్మట రక్తనాళములలో లెక్కకు వచ్చినది! "మా వంశమున చక్కెరజబ్బు కలదు" అని మనము చెప్పుకొనునప్పుడు, ఆ వంశము ఏమి తిని పెరిగినదో కూడ చెప్పుకొనుట మంచిది.

ఇచ్చట చదువరులలో కొందరు, "ఇవన్నియు పల్లెటూరి బీదల మాటలు, మా యింట మేనరికములు మానివేసితిమి, శుద్ధిచేసిన నీరు త్రాగుచున్నాము, మాకేమి?" అని యడుగవచ్చును. వారికి ఒక మనవి. 2009లో హైదరాబాదునందలి సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ శాస్త్రజ్ఞులు లాల్జీ సింగు, కుమారస్వామి తంగరాజు మొదలగువారు అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ రైకుతో కలిసి భారతీయుల జన్యువులను గూర్చి పరిశోధన ప్రకటించిరి. మన దేశమున అనేక కులములు ఒకప్పుడు కొద్దిమంది పూర్వులనుండి పుట్టి, ఆపైన అనేక శతాబ్దములు తమలో తామే వియ్యమందుకొనుచు వచ్చినవనియు, అందువలన దాగియున్న లోపములు ఆయా కులములలో గుమిగూడుట కవకాశము కలదనియు వారు తెలిపిరి. బావామరదళ్ళ వివాహము మానిన యింట కూడ కులములోని వివాహము మానలేదు గదా. చెంబుతో ముంచినను కడవతో ముంచినను చెరువు ఒకటే.

దీనికి ఆంధ్రదేశపు వైశ్యులలో వైద్యు లెరిగిన యుదాహరణ యున్నది. వారిలో కొందరికి రక్తమునందలి ఒక యెంజైము పుట్టుకతోనే లోపించియుండును. దానివలన నిత్యజీవనమున వారికి ఏ బాధయు లేదు. నూరేండ్లు సుఖముగా బ్రదుకవచ్చును. శస్త్రచికిత్స సమయమున కండరములను సడలించు ఒకానొక సూదిమందును ఇచ్చినప్పుడు మాత్రము, ఇతరులకు నిమిషములలో తీరిపోవు ఆ మందు ప్రభావము వీరికి గంటల తరబడి నిలిచి, ఊపిరి ఆడకపోవును. ఈ సంగతి నెరిగిన మత్తువైద్యుడు ముందుగా అడిగి మరియొక మందు వాడును, అపాయము తప్పును. ఇచ్చట లోపమును కూర్చినది కులకట్టుబాటు. దానిని అపాయముగా మార్చినది ఒక మందు. దాటించినది ఒక ప్రశ్న. ఇందులో రక్తమున కున్న పాత్ర ఎంత?

ఇంతవరకు మాతో వచ్చిన సంస్కారప్రియులు ఇంకొక మెట్టెక్కి, "అట్లయినచో లోపములు గలవారికి వివాహములే లేకుండ చేసిన పోలేదా?" అని యడుగుట కద్దు. ఈ యూహ క్రొత్తది కాదు. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టను 1883లో దీనికి శాస్త్రమని పేరు పెట్టెను. ఇరువదవ శతాబ్దపు తొలి భాగమున లోకమున పేరుపొందిన సంస్కర్తలు పలువురు దీనిని మెచ్చుకొనిరి. 1933 జులైలో జర్మనీలో నాజీ ప్రభుత్వము చట్టము చేసి, వంశరోగులని తాము నిర్ణయించినవారిని బలవంతముగా సంతానహీనులను చేయ మొదలిడినది. ఆ చట్టపు పట్టికలో పుట్టుచెవుడు కూడ నున్నది. సుమారు నాలుగు లక్షలమంది ఆ కత్తికి గురియైరి. మన దేశమునందును 1975-77 అత్యవసర స్థితిలో బలవంతపు శస్త్రచికిత్సలు జరిగినవి. వానికి లోనైనవారిలో బీదలే యధికులు. రక్తమును గూర్చిన జ్ఞానము కరుణ నుండి విడివడినచో ఎట్టి రూపు దాల్చునో తెలిసికొనుటకు ఇవి చాలును. కులమును ఒక ద్వారమున వెడలగొట్టి, జన్యువు పేరిట మరియొక ద్వారమున లోనికి పిలుచుట సంస్కరణము కానేరదు.

దీనికి ఎదురుగా మరియొక చరిత్రమును చూపుదుము. అమెరికా తూర్పుతీరమున మార్తాస్ వినియార్డు అను దీవి కలదు. అచ్చట కొద్ది కుటుంబములు తమలో తామే వియ్యములందుటచే, పందొమ్మిదవ శతాబ్దమున పుట్టుచెవుడు మిక్కిలి హెచ్చెను. చిల్మార్కు అను ఊరిలో ఇరువదియైదుగురిలో ఒకరు చెవిటివారు. అయినను ఆ యూర చెవిటివారు దీనులు కారు. వినగలవారు కూడ చిన్ననాటినుండియే చేతిసైగల భాష నేర్చుకొనిరి. చేపలవేటలోను, అంగడిలోను, సభలలోను ఆ భాష నడచుచుండెను. చెవిటివారు పెండ్లిండ్లు చేసికొనిరి, సేద్యము చేసిరి, పదవులు నిర్వహించిరి. రక్తము మన బత్తలపల్లెలో చెట్టుక్రింద చూచిన బాలునికి ఏమి చేసియుండవచ్చునో అక్కడి బాలునికిని అదే చేసినది. ఆ యూరు మాత్రము తన చేతులతో మాటలాడ నేర్చినది.

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు వత్తము. కర్మమా, రక్తమా, నీరా, బీదతనమా? ఈ నాలుగును వేరువేరు ముద్దాయిలని తలంచుటయే పొరపాటని మాకు తోచుచున్నది. రక్తము బిడ్డకు కొంత యిచ్చును. అన్నమును నీరును దానిని పెంచుటయో త్రుంచుటయో చేయును. ఎవరితో వివాహము, ఎవరికి ముందు అన్నము, ఏ వీధికి కుళాయి, ఎవరి బిడ్డకు టీకా, చెవిటివానితో మాటలాడుట కెవరు నేర్తురు అనునవి సంఘము నిర్ణయించును. సంఘము తక్కిన రెండింటిలోను ముందే ప్రవేశించియున్నది. ఈ మూటిలో మన చేతికి అందునది అదియే.

కర్మ మను మాటను మేము తృణీకరింపము. కర్మమనగా చేయబడినది అని గదా అర్థము. పూర్వజన్మమున ఆ శిశువు ఏమి చేసెనో చూచివచ్చినవారు లేరు. శిశువు పుట్టుటకు పూర్వము మనము చేసినది మాత్రము కంటికి కనబడుచునే యున్నది: చిన్నతనమున పెండ్లి చేసితిమి, కడపట అన్నము పెట్టితిమి, లోతైన బోరునీటిని పరీక్షింపక త్రాగించితిమి. రాబోవు మనుమలకు మనమే పూర్వజన్మము. వారనుభవింపబోవు కర్మమును మనము ఈ దినమున వంటయింటను పెండ్లిపందిటను వ్రాయుచున్నాము.

కావున గృహిణులకును గృహస్థులకును మా మనవి యిది. పెండ్లిమాటలలో జాతకములతోపాటు ఇరువంకల ఇండ్లలోని రోగచరిత్రమును కూడ విప్పి చెప్పుకొనుట మర్యాదగా ఎంచుడు. అమ్మమ్మ యింటనే పిల్లకు రక్షణ యను భయము పోవునట్లు కట్నమును మానుడు. పదునెనిమిది నిండక బాలికకు పెండ్లి తలపెట్టకుడు. గర్భిణికి మొదటి వడ్డన చేయుడు. ఇంటి బోరునీటిని పరీక్ష చేయింపుడు. పుట్టిన బిడ్డ చప్పుడునకు తిరిగి చూడనిచో "మామయ్యకు కూడ మాటలు ఆలస్యముగా వచ్చినవి" అని కూర్చుండక తొలి నెలలలోనే వైద్యునికి చూపుడు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము క్రింద చెవిలో యంత్రమును అమర్చు శస్త్రచికిత్స బీదబిడ్డలకును లభించినది. అది ఫలించుటకు తొలి వత్సరములే ముఖ్యము. అది పనికిరానిచోట, ఇంటివారందరు నాలుగు సైగలు నేర్చుకొనుడు.

ఆనాడు ఆ ముదుసలి అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పుటకు మాకు సమయము చాలలేదు. ఆమె మరల కనబడినచో ఇట్లు చెప్పుదుము: "అవ్వా, తప్పు ఎవరిదని వెదకుచు పోయినచో నీ యింటిలోను మా యింటిలోను సగము సగము దొరకును. ముందు నీ మనుమరాలిని తల యెత్తుకొననిమ్ము. అది నీ కూతురి బిడ్డ. పిల్లవానిని చూపించుట మానవద్దు. ఇంటిలో ఇంకొక ఆడుబిడ్డ పెండ్లియీడునకు వచ్చి, 'బయటికి పోనీకుండా' అను మాట మరల నీ నోట వచ్చినప్పుడు, ఈ వేపచెట్టు నీడను ఒక్కసారి తలచుకొనుము."